వారం రోజుల సస్పెన్షన్ కాలేజీ సీటుకు అడ్డం వస్తుందా?

ప్రశ్న: మేం మల్కాజిగిరిలో ఉంటాం. మా అబ్బాయి ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో 11వ తరగతి చదువుతున్నాడు. డిసెంబరులో క్లాసులో సెమినార్ జరుగుతుండగా, నత్తి ఉన్న తోటి పిల్లవాడు మాట్లాడడానికి పడుతున్న అవస్థను ఫోన్‌లో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆ పిల్లవాడు నాలుగు రోజులు స్కూలుకు రాలేదు. వాళ్ల నాన్నగారు పోలీసులకు ఫిర్యాదు చేస్తానన్నారు గానీ చివరికి చేయలేదు. స్కూలువాళ్లు మావాణ్ని వారం రోజులు సస్పెండ్ చేసి, మా ఇద్దరిచేత హామీపత్రం రాయించుకున్నారు. ఈ సంగతి టీసీలో రాయాల్సి వస్తుందని వైస్ ప్రిన్సిపల్ అన్నప్పటి నుంచి మాకు నిద్ర లేదు. ఇక మంచి కాలేజీలో సీటు రాదని, ఇప్పుడే స్కూలు మార్చేయమని మా ఆడపడుచు అంటోంది. తెలిసినవాళ్లను పట్టుకుని టీసీ శుభ్రంగా రాయించుకుందామని మావారు అంటున్నారు. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు మావాణ్ని అమెరికాలో డిగ్రీ చదివించాలనుకున్నాడు, ఇప్పుడు అక్కడ ఇవన్నీ అడుగుతారంటున్నాడు. మావాడు సరిగా తినడం లేదు, ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఏం చేయాలో చెప్పండి.

జవాబు:

అమ్మా, మీ నిద్ర పోగొట్టిన ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. తెలంగాణలో ఇంజినీరింగ్‌కు గానీ, మెడిసిన్‌కు గానీ, డిగ్రీకి గానీ కన్వీనర్ కోటాలో సీట్లు కేటాయించే పద్ధతిలో, స్కూల్లో సస్పెండ్ అయ్యావా అని అడిగే గడి ఎక్కడా లేదు. ఎప్‌సెట్‌లో ర్యాంకు, నీట్‌లో ర్యాంకు, ‘దోస్త్’ ద్వారా డిగ్రీలో చేరేవారికి ఇంటర్ లేదా 12వ తరగతి మార్కులు, వాటితో పాటు రిజర్వేషన్, స్థానికత, విద్యార్థి పెట్టుకున్న వెబ్ ఆప్షన్లు, వీటి ఆధారంగానే సీటు ఎవరికి వెళ్లాలో తేలుతుంది. ఐఐటీ, ఎన్‌ఐటీల సీట్లు పంచే ‘జోసా’ కౌన్సెలింగ్‌లో కూడా అంతే. అక్కడ జేఈఈ ర్యాంకుతో పాటు 12వ తరగతిలో 75 శాతం మార్కులు, లేదా బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో స్థానం ఉండాలన్న షరతు ఉంది గానీ నడవడి గురించిన షరతు లేదు. కాబట్టి ఈ ఒక్క సంఘటనతో మీ అబ్బాయి చదువుకు తలుపులన్నీ మూసుకుపోయాయన్నది నిజం కాదు. మీ ఆడపడుచు గారు ప్రేమతోనే అని ఉంటారు, కానీ ఆ మాటను ఇంట్లో పిల్లవాడి చెవిన పడనివ్వకండి.

అయితే స్కూలు నుంచి వచ్చే కాగితాలేవీ ఎవరూ చూడరని కూడా నేను అనను. సర్టిఫికెట్ల పరిశీలనకు మాసబ్‌ట్యాంక్ ప్రభుత్వ పాలిటెక్నిక్ లాంటి హెల్ప్‌లైన్ కేంద్రానికి వెళ్లినప్పుడు ర్యాంకు కార్డు, హాల్‌టికెట్, ఆధార్, 10వ తరగతి మెమో, 12వ తరగతి మెమో, కుల, ఆదాయ ధ్రువపత్రాలతో పాటు 6వ తరగతి నుంచి 12 వరకు స్టడీ సర్టిఫికెట్లు, టీసీ కూడా చూపించాలి. ఈ స్టడీ సర్టిఫికెట్లను చాలా స్కూళ్లు ‘స్టడీ అండ్ కాండక్ట్ సర్టిఫికెట్’ పేరుతో ఒకే కాగితంగా అచ్చు వేయించుకుని, చివరి వరుసలో నడవడి గురించి ఒక్క మాట రాసి ఇస్తాయి. సీబీఎస్‌ఈ నమూనా టీసీలో కూడా సాధారణ ప్రవర్తన అనే గడి ఒకటి, స్కూలు వదలడానికి కారణం అనే గడి ఒకటి ఉంటాయి. పరిశీలనకు కూర్చున్న అధికారి ఆ స్టడీ సర్టిఫికెట్లలో వెతికేది విద్యార్థి ఏ ఏడాది ఏ ఊళ్లో చదివాడన్నది, ఎందుకంటే స్థానికత తేలాల్సింది దాని మీదే. నడవడి గడిలో మామూలుగా ‘గుడ్’ అనో ‘శాటిస్‌ఫాక్టరీ’ అనో ఉంటుంది. అక్కడ మరేదైనా రాసి ఉంటే, సీటు వచ్చిన తర్వాత కాలేజీలో రిపోర్ట్ చేసేటప్పుడు ప్రిన్సిపల్ ఒక ప్రశ్న వేయవచ్చు. మేనేజ్‌మెంట్ కోటాలో, ముఖ్యంగా హాస్టల్ ఉన్న కాలేజీల్లో ఆ ప్రశ్న ఇంకాస్త గట్టిగానే రావచ్చు. అంతవరకు సిద్ధపడి ఉండడం మంచిది.

ఇక్కడ ఒక తేడా చెప్పడం అవసరం. స్కూలు తన పరిధిలో వేసే సస్పెన్షన్ వేరు, బోర్డు పరీక్షలోనో ప్రవేశ పరీక్షలోనో మాల్‌ప్రాక్టీస్ కింద బుక్ కావడం వేరు. రెండోది ఫలితాన్నే ఆపేస్తుంది, కొన్నిసార్లు తర్వాతి పరీక్షలు కూడా రాయనివ్వదు. బంధువుల మాటల్లో ఈ రెండూ కలిసిపోయి, ఎవరికో జరిగింది మీ అబ్బాయికి కూడా జరుగుతుందన్న భయం పుట్టి ఉంటుంది. మీ అబ్బాయి విషయం బోర్డు దాకా పోలేదు, సీబీఎస్‌ఈ డిజీలాకర్‌లో పెట్టే మార్కుల మెమోలో దాని ఊసే ఉండదు.

మీరు రాసినదాన్నిబట్టి చూస్తే టీసీ ఇంకా చేతికి రాలేదు, ఇప్పట్లో రాదు కూడా. 12వ తరగతి పూర్తయి స్కూలు వదిలే రోజున రాసే కాగితం అది. అంటే ఇంకా ఏడాదికి పైగా వ్యవధి ఉంది. వైస్ ప్రిన్సిపల్ గారు కోపంలో అన్నారో, హెచ్చరికగా అన్నారో, నిజంగానే స్కూలు నిర్ణయం అదేనో మీకు తెలియదు. తెలుసుకోండి. భార్యాభర్తలిద్దరూ ప్రిన్సిపల్‌ను సమయం అడిగి కలిసి, సస్పెన్షన్ ఉత్తర్వు ప్రతి ఇమ్మనండి, ఈ విషయం ఏ రికార్డులో నమోదైందో అడగండి, టీసీ రాసేటప్పుడు ఈ ఒక్క వారాన్ని కాకుండా 12వ తరగతి ముగిసేవరకు అతని నడవడిని చూసి రాయమని కోరండి. అదే విషయాన్ని అరపేజీలో రాసిచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. వాదనకు దిగవద్దు. పిల్లవాడు తప్పు చేశాడన్న మాటతోనే మొదలుపెట్టండి. నేను జూనియర్ కాలేజీలో పనిచేసిన ఇరవై ఏళ్లలో, తప్పు ఒప్పుకుని వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ టీసీని కావాలని పాడుచేసిన ప్రిన్సిపల్‌ను చూడలేదు. ఒకవేళ సంఘటనకు మించిన మాటలేవైనా రాస్తే స్కూలు యాజమాన్యానికి, ఆపైన బోర్డు ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా విన్నవించుకోవచ్చు. బాలల విషయం కాబట్టి రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌ను ఆశ్రయించే దారి కూడా ఉంది. అంతదాకా పోవలసిన అవసరం రాదనే నా నమ్మకం. ప్రిన్సిపల్‌ను కలిసినప్పుడే హాజరు సంగతి కూడా అడగండి. బోర్డు పరీక్షకు కూర్చోవాలంటే సీబీఎస్‌ఈ 75 శాతం హాజరు అడుగుతుంది. సస్పెన్షన్ రోజులకు తోడు, ఇప్పుడు దిగులుతో ఇంట్లో ఉండిపోయే రోజులు కూడా కలిస్తే, చేసిన తప్పుకన్నా ఆ లెక్కే వాణ్ని ఎక్కువ ఇబ్బంది పెట్టవచ్చు.

స్కూలు మార్చడం గురించి ఎక్కువ చెప్పను, మార్చవద్దనే నా సలహా. సీబీఎస్‌ఈలో 11 చదివినచోటు వదిలి 12లో మరో స్కూల్లో చేరాలంటే తల్లిదండ్రుల బదిలీ వంటి సరైన కారణం చూపి బోర్డు అనుమతి తెచ్చుకోవాలి. పైగా మారడమంటేనే టీసీ ఇప్పుడే తీసుకోవడం. సంఘటన జరిగి మూడు నెలలైనా కాకముందే నడవడి గడి నింపించుకోవడం ఎందుకు?

మీవారి ఆలోచన గురించి మాత్రం నిక్కచ్చిగా చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన కాలేజీకి ఒక తండ్రి కొడుకును చేర్పించడానికి వచ్చారు. తెచ్చిన టీసీలో నడవడి గడి దగ్గర కాగితం కొంచెం గరుకుగా ఉంది. వెలుతురుకు పెట్టి చూస్తే కింద వేరే మాట ఉందని తెలిసింది. పాత స్కూలుకు ఫోన్ చేస్తే, ఆ అబ్బాయి ఏదో గొడవలో కిటికీ అద్దాలు పగలగొట్టాడని, అందుకే అలా రాశామని చెప్పారు. కిటికీ అద్దాల కోసం ఏ కాలేజీ కూడా సీటు ఆపదు, మేమూ ఆపేవాళ్లం కాదు. దిద్దిన కాగితాన్ని మాత్రం తీసుకోలేకపోయాం. ఆ అబ్బాయి తలవంచుకుని తండ్రి వెనకాల మెట్లు దిగడం నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది, ఎందుకంటే ఆ దిద్దడంలో వాడి ప్రమేయం లేదు. ధ్రువపత్రాన్ని దిద్దడం, తప్పుడు పత్రం పుట్టించడం నేరం. చేరే రోజున ఎవరూ గమనించకపోయినా ఎప్పుడు బయటపడితే అప్పుడు, మూడో సంవత్సరంలోనైనా సరే, ప్రవేశం రద్దు చేయవచ్చు. ఇప్పుడు మీ అబ్బాయి మీద ఉన్నది వారం రోజుల సస్పెన్షన్ మాత్రమే. దానికి దొంగ కాగితాన్ని తోడు చేయకండి. అంతకన్నా ముఖ్యం, నాన్న అలా చేస్తుంటే వాడు చూస్తాడు.

పోలీసు ఫిర్యాదు రాలేదన్నారు కాబట్టి ఆ భాగం ఒక మాటగా చెబుతాను. ఒకవేళ వచ్చి ఉన్నా, 18 ఏళ్లు నిండనివారి విషయంలో 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం వర్తిస్తుంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే అవకాశం పిల్లలకు ఉండాలన్నది ఆ చట్టంలోని మూలసూత్రాల్లో ఒకటి. దాని 24వ సెక్షన్ ప్రకారం, 16 దాటినవారు చేసే ఘోరమైన నేరాలను మినహాయిస్తే, పిల్లలకు ఆ కేసు కారణంగా ముందుముందు ఏ అనర్హతా అంటకూడదు. 74వ సెక్షన్ ప్రకారం కాండక్ట్ సర్టిఫికెట్ కోసమైనా సరే పిల్లల రికార్డును పోలీసులు బయటపెట్టకూడదు. చట్టమే ఇంత దయ చూపుతున్నప్పుడు ఒక స్కూలు వేసిన వారం రోజుల శిక్ష జన్మంతా వెంటాడుతుందని అనుకోనక్కర్లేదు.

ఇక మీ తమ్ముడు గారి మాట. ఆయన చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. అమెరికాలో వెయ్యికి పైగా కాలేజీలు ‘కామన్ యాప్’ అనే ఉమ్మడి దరఖాస్తును తీసుకుంటాయి. అందులో ఒకప్పుడు, 9వ తరగతి నుంచి నీ మీద ఏ విద్యాసంస్థ అయినా క్రమశిక్షణ చర్య తీసుకుందా అని అందరినీ అడిగేవారు. సస్పెన్షన్ కూడా ఆ ప్రశ్న కిందకే వచ్చేది. 2021-22 ప్రవేశాల నుంచి ఆ ప్రశ్నను ఉమ్మడి భాగంలోంచి తీసేశారు. అక్కడి స్కూళ్లలో నల్లజాతి పిల్లల మీదే ఇలాంటి చర్యలు ఎక్కువగా పడుతున్నాయని, ఆ ప్రశ్న చూసి వెనకడుగు వేసే పిల్లలు ఉన్నారని గ్రహించడం అందుకు కారణం. అయితే ఉమ్మడి భాగంలో లేకపోయినా, ఏ కాలేజీకి ఆ కాలేజీ తన అనుబంధ ప్రశ్నల్లో దాన్ని అడిగే వీలుంది. అందుచేత దరఖాస్తు చేసే ప్రతి కాలేజీ ప్రశ్నలనూ విడివిడిగా, అక్షరం వదలకుండా చదవాలి. అడగనిచోట చెప్పనక్కర్లేదు, అది దాచడం కాదు. అడిగినచోట అబద్ధం ఆడకూడదు. దరఖాస్తు చివర తాను రాసినదంతా నిజమని విద్యార్థి సంతకం చేస్తాడు. అది తప్పని తేలితే ఇచ్చిన సీటును వెనక్కి తీసుకునే హక్కు కాలేజీకి ఉంటుంది. స్కూలు నుంచి కౌన్సెలర్ గానీ ప్రిన్సిపల్ గానీ వేరుగా నివేదిక పంపుతారు కాబట్టి, ఇతను రాసినదీ వాళ్లు రాసినదీ ఒకదానికొకటి పొసగాలి. ముందే వాళ్లతో కూర్చుని మాట్లాడుకోవడం అందుకే అవసరం.

అడిగినచోట ఏం రాయాలన్నది చాలామంది తల్లిదండ్రులు చెడగొట్టే భాగం. కన్సల్టెన్సీవాళ్లు రాసిచ్చే నున్నటి ఇంగ్లిషు పేరాలో తప్పు ఎవరు చేశారో కూడా తెలియకుండా పోతుంది. ‘వీడియో పొరపాటున షేర్ అయింది’, ‘స్నేహితులు బలవంతపెట్టారు’, ‘స్కూలు మరీ కఠినంగా వ్యవహరించింది’ అని రాస్తే చదివే అధికారికి ఈ పిల్లవాడు ఇంకా అక్కడే ఉన్నాడనిపిస్తుంది. మీ అబ్బాయి చేత తెలుగులో ముందు చెప్పించండి, తర్వాత వాడి ఇంగ్లిషులోనే రాయనివ్వండి. ‘నత్తి ఉన్న నా క్లాస్‌మేట్ మాట్లాడుతుంటే అతనికి తెలియకుండా వీడియో తీసి నలుగురూ నవ్వడానికి గ్రూపులో పెట్టాను. అతను నాలుగు రోజులు స్కూలుకు రాలేదు. స్కూలు నన్ను వారం రోజులు సస్పెండ్ చేసింది, అది న్యాయమే. ఆ తర్వాత నేను ఇది చేశాను’ అన్నంత సూటిగా, ఏడెనిమిది వాక్యాల్లో ఉండాలి. ఆ చివరి వాక్యంలో రాయడానికి ఏదైనా నిజంగా జరిగి ఉండాలి కదా, ఆ సంగతికి కింద వస్తాను. వీసా గురించి కూడా భయపడుతున్నారేమో. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌కు వెళ్లేముందు నింపే డీఎస్-160 ఫారంలో అరెస్టులు, శిక్షల గురించి అడుగుతారు గానీ స్కూలు సస్పెన్షన్ గురించి అడగరు.

ఇంతవరకు రాసినదంతా కాగితాల గురించి. ఉత్తరంలో మీరు అడగని ఒక విషయం నాకు వీటన్నిటికన్నా పెద్దదిగా కనిపించింది. మీ అబ్బాయి చేసిన పని స్కూల్లో జరిగింది కాబట్టి వారంతో పోయింది. ఇదే పని రెండేళ్ల తర్వాత కాలేజీలో చేస్తే దాని పేరు ర్యాగింగ్. మనకు 1997 నుంచి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. తోటి విద్యార్థిని ఆటపట్టించి అవమానించడం కూడా ఆ చట్టం కింద నేరమే, ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. 2009లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం, కాలేజీలో చేరేటప్పుడు విద్యార్థీ, తల్లిదండ్రులూ విడివిడిగా ర్యాగింగ్ నిరోధక అఫిడవిట్ ఇవ్వాలి. ర్యాగింగ్ కారణంగా తనను దేశంలో ఏ సంస్థ నుంచీ బహిష్కరించలేదని విద్యార్థి అందులో ప్రకటించాలి. మీ అబ్బాయికి పడింది స్కూల్లో సస్పెన్షన్, బహిష్కరణ కాదు, కాబట్టి ఆ ప్రకటన మీద నిస్సంకోచంగా సంతకం చేయవచ్చు. అయితే అవే నిబంధనల్లో, తోటివారితో విద్యార్థి మెలిగే తీరును తెలిపే పత్రం ఒకటి ఇంతకుముందు చదివిన సంస్థ నుంచి తేవాలన్న మాట కూడా ఉంది. సీటు కాదనడానికి కాదు, చేరాక అతని మీద ఒక కన్ను వేసి ఉంచడానికి. స్కూలు ఇచ్చే కాండక్ట్ సర్టిఫికెట్ వెనుక ఉన్న అసలు ఉద్దేశం ఇది. కాగితం మీద ‘గుడ్’ అని ఉండి, పిల్లవాడు మాత్రం డిసెంబరులో ఉన్నచోటే ఉంటే, కాలేజీలో జరగబోయేదానికి ఆ మాట అడ్డుపడదు.

స్కూలు వేసిన శిక్ష న్యాయమైనదేనని నా అభిప్రాయం. అయితే వారం రోజులు ఇంట్లో కూర్చోబెట్టడంతో స్కూలు తన పని అయిపోయిందనుకుంటే పొరపాటు. ఆ వారం రోజులూ వాడితో ఎవరు మాట్లాడారు? మీ ఉత్తరంలో టీసీ గురించి, సీటు గురించి, వీసా గురించి ఉంది గానీ, నాలుగు రోజులు ఇంట్లో ఉండిపోయిన ఆ రెండో పిల్లవాడు ఇప్పుడెలా ఉన్నాడో లేదు. మిమ్మల్ని నొప్పించాలని అనడం లేదు, భయంలో ఉన్న తల్లికి ముందు తన బిడ్డే కనిపిస్తాడు. కానీ మీ అబ్బాయి తినకుండా, మాట్లాడకుండా ఉన్నాడంటే, సీటు పోతుందన్న దిగులు ఒక్కటే కాకపోవచ్చు. ఇంట్లో అందరూ కాగితం గురించే మాట్లాడుతుంటే, తాను చేసిన పని గురించి ఎవరితో చెప్పుకోవాలో వాడికి తెలియడం లేదేమో. ముందు వాడిని కూర్చోబెట్టుకుని, సీటుకు ప్రమాదం లేదని స్పష్టంగా చెప్పండి. ఆ భయం తీరాక, ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమనండి, మధ్యలో ఆపకండి. రెండు వారాలు గడిచినా తిండి, నిద్ర దారిలో పడకపోతే డాక్టరుకు చూపించండి. ఈలోగా ఏ వేళలోనైనా 14416కు ఫోన్ చేస్తే ‘టెలి మానస్’లో కౌన్సెలర్లు తెలుగులోనే మాట్లాడతారు.

ఆ తర్వాత క్షమాపణ. హామీపత్రం మీరు స్కూలుకు రాసిచ్చింది, ఆ పిల్లవాడికి కాదు. మీ అబ్బాయి వెళ్లాల్సింది అతని దగ్గరికి. కానీ మీరు నేరుగా వాళ్లింటి తలుపు కొట్టకండి, ఇంటికి వచ్చినవాళ్లను కాదనలేక క్షమించవలసిన ఇరకాటంలో వాళ్లను పెట్టినట్లవుతుంది. ముందు మీవారు ఆ తండ్రికి ఫోన్ చేసి, మా అబ్బాయి మీ అబ్బాయిని కలిసి మాట్లాడాలనుకుంటున్నాడు, మీకూ అతనికీ ఇష్టమైతేనే వస్తాం అని అడగాలి. వద్దంటే ఒక చిన్న ఉత్తరం రాసి పంపిస్తామని చెప్పి ఊరుకోవాలి. వెళ్లేముందు ఆ వీడియో గ్రూపులో, ఇతర ఫోన్లలో ఇంకా ఉందేమో మీ అబ్బాయి ఒక్కొక్కరినీ అడిగి తీయించాలి, ఆ గ్రూపులోనే తాను చేసింది తప్పని రాయాలి. ఆ ఇంట్లో ఎవరైనా మొదట అడిగే ప్రశ్న, ‘వీడియో ఇంకా ఎవరి దగ్గరైనా ఉందా బాబూ’ అనే. దానికి వాడి దగ్గర జవాబు ఉండాలి.